మూల కోసిన ప్లేటు

డిటెక్టివ్ లేబొరేటరీ మెట్లెక్కి పైకి వచ్చేసరికి తనిఖీ అధికారి రిపోర్టు టైపు చేయించి సంతకం కూడా పెట్టేశాడు.

"కాస్త ముందు రావలసింది మేడమ్. కాఫీ అయితే ఇప్పించగలను గానీ, కేసు మాత్రం అయిపోయింది," అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే.

"కాఫీ ఇప్పించండి. కేసు సంగతి తాగాక చూద్దాం," అంటూ ఆమె ఎదురుగా కూర్చుంది.

ఒకప్పుడు ఇద్దరూ పోలీసు శాఖలో ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పనిచేసినవాళ్ళు. ఆమె రాజీనామా చేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అతను మెట్టు మెట్టూ ఎక్కి, ఇప్పుడు ఈ అంతర్జాతీయ పథకానికి తనిఖీ అధికారి అయ్యాడు. పాత రోజుల్లోనూ అంతే, ఆమె ఇంకా ప్రశ్నలు అడుగుతూ ఉండగానే అతను జవాబు రాసేసేవాడు. చాలాసార్లు ఆ జవాబు సరైనదే అయ్యేది కూడా. అతనితో వచ్చిన చిక్కే అది.

ఆమెను పిలిపించింది లేబొరేటరీ డైరెక్టరు, ఆమెకు స్వయానా మరిది. ఆమె ఉద్యోగం మానేసినప్పుడు ఇంట్లో తలో మాటా అన్నారు. ఆఫీసుకి బోర్డు రాయించి తెచ్చి, స్టూలెక్కి తన చేత్తో మేకు కొట్టి తగిలించింది మాత్రం ఇతనొక్కడే. అందుకే పొద్దున్న ఫోనులో అతని గొంతు వినగానే ఆమె ఇంకేమీ అడక్కుండా చెప్పులేసుకుని బయల్దేరింది.

వచ్చాక అతను చెప్పిన సంగతి ఇది. మనిషి డీఎన్ఏ అంతా నాలుగంటే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి రాత. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి పటం తయారుచేయాలని కొన్ని దేశాల లేబొరేటరీలు చేతులు కలిపాయి. తలా ఒక భాగం పంచుకున్నాయి. ఎవరు ఏం చదివినా ఏ రోజుకారోజు లోకమంతా చూసేలా కంప్యూటర్లో పెట్టేయాలి. దాచుకోకూడదు, అమ్ముకోకూడదు. పక్కపక్క భాగాల అంచులు కొంచెం ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా చదువుతారు, రెండు గుడ్డ ముక్కలు కలిపి కుట్టేటప్పుడు అంచులో కాస్త బట్ట వదిలినట్టు. మరిది లేబొరేటరీకి పక్క భాగం సముద్రం అవతలి లేబొరేటరీది. పోయిన వారం చదివిన ముక్క దగ్గర ఆ రెండు అంచులూ అతుక్కోలేదు.

సాయంత్రం ఆరింటికి అన్ని లేబొరేటరీల పెద్దలూ ఫోనులో కలుస్తారు. తనిఖీ అధికారి అక్కడ రిపోర్టు చదవాలి. అందులో ఉన్నది ఒకటే మాట: మెషిన్ నడిపే టెక్నీషియన్ అమ్మాయి అక్షరాలు కల్పించి పెట్టింది.

"మా భాగం లాక్కుంటే లాక్కోనీ వదినా. ఇన్నేళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్నాం, పోతుంది, ఏడుస్తాం, ఊరుకుంటాం," అన్నాడు మరిది. "ఆ పిల్ల సంగతి చెప్పు. దొంగ రాతలు రాసిందని ఒక్కసారి పేరు పడితే ఏ దేశంలోనూ ఏ లేబొరేటరీ గుమ్మమూ ఎక్కనివ్వరు. దానికి వేరే పని రాదు, వేరే పని మీద ధ్యాసా లేదు."

తనిఖీ అధికారి తన వాదన వేళ్ళు మడిచి చెప్పాడు. అంతకు ముందు వారం మెషిన్ మొరాయించింది, అమ్మాయి పని వెనకబడింది. ఆ ముక్క చదివిన రోజు మెషిన్ గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. అన్నిటినీ మించి, ఒక ప్రశ్నకి ఆమె ఎంతకీ జవాబు చెప్పడం లేదు. రోజూ మెషిన్ సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోవడానికి ప్రతి ప్లేటులో ఒక పరీక్ష నమూనా పెడతారు. పై నుంచి వచ్చే ఆ నమూనా సీసా నెల కిందటే ఖాళీ అయింది. మరి ఈ నెలంతా ఏం పెట్టావమ్మా అంటే తల వంచుకుంటుంది.

"తప్పు చేయని మనిషికి నీళ్ళు నమలాల్సిన పనేముంది?" అన్నాడు.

"మీరు అడిగిన తీరుకి నేనైనా నమిలేదాన్ని," అంది డిటెక్టివ్, కాఫీ కప్పు కింద పెడుతూ.

టెక్నీషియన్ పక్క గదిలో కూర్చుని ఉంది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. తెల్లకోటు గుండీలు కంఠం దాకా పెట్టుకుంది. ఏడ్చిన జాడ లేదు, నిద్రపోయిన జాడా లేదు. డిటెక్టివ్ ఆమెను ముందు మెషిన్ గురించి అడగలేదు. ఇక్కడ ఎన్నాళ్ళుగా పని, పొద్దున్న ఏమైనా తిన్నావా, ఇంటి నుంచి ఎలా వస్తావు, ఇలాంటివే అడిగింది. అమ్మాయి ముక్తసరిగా చెప్పింది. పెద్ద నర్సు మాట వచ్చినప్పుడు మాత్రం గొంతు మెత్తబడింది. రక్తదాతల దగ్గర నమూనాలు తీసే ఆ పెద్ద నర్సే తనని ఈ ఉద్యోగంలో చేర్పించిందట. మొదటి జీతం వచ్చేదాకా తన ఇంట్లోనే పెట్టుకుందట. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతుందట.

"అక్షరాలు కల్పించావా?" అని డిటెక్టివ్ అప్పుడడిగింది.

"లేదు మేడమ్."

"పరీక్ష నమూనాగా ఏం పెట్టావు?"

"అది అడక్కండి మేడమ్. ఇంకేదైనా అడగండి, చెబుతాను."

డిటెక్టివ్ అడగలేదు. లేచి మరిది గదికి వెళ్ళి, అతుక్కోని ఆ అంచు చూపించమంది. అతను తెర మీద రెండు వరసలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాడు. ఆమె ఊహించినంత గందరగోళం లేదు. వరసలు దాదాపు ఒకేలా ఉన్నాయి. అక్కడొక అక్షరం, ఇక్కడొక అక్షరం మాత్రమే తేడా.

"ఇంత కొంచెం తేడాకేనా ఇంత రభస? ఒక మనిషిలోనే అమ్మ వైపు రాత ఒకటి, నాన్న వైపు రాత ఒకటి ఉంటాయి కదా. ఇది ఆ రెండో రకం కాకూడదా?"

"నేనూ ముందు అదే అనుకున్నాను వదినా. ఆ రెండు రకాలూ మా దగ్గర ముందే చదివినవి ఉన్నాయి. ఇది రెండింటితోనూ కలవడం లేదు. ఇది మూడోది."

"ఒక మనిషిలో మూడోది ఉంటుందా?"

"ఉండదు. అందుకే ఆయన కల్పితం అంటున్నాడు."

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. కూర్చుని కల్పించేవాళ్ళు ఇంత ఓపిగ్గా కల్పిస్తారా అని అడిగింది. తేడా పడిన అక్షరాలు తీసేస్తే మిగతాదంతా మనిషి రాతే కదా అంది. మరిది బుర్ర గోక్కుని, అవునన్నాడు. రాత చెడలేదన్నాడు. అర్థం లేని ముక్క ఒక్కటీ లేదన్నాడు.

"అయితే ఇది కల్పితం కాదు నాయనా. ఇది ఇంకో మనిషిది."

మళ్ళీ పక్క గదికి వెళ్ళి ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఈసారి కుర్చీ అమ్మాయి పక్కనే వేసుకుంది.

"ఈ పథకంలో ఒక నియమం ఉందట. రక్తం ఇచ్చినవాళ్ళెవరో ఎవరికీ తెలియకూడదట. సీసాల మీద పేర్లు పీకేసి కలగలిపేసి, అందులోంచి ఒకటి తీశారట. ఇచ్చినవాళ్ళకి కూడా తమది వాడారో లేదో తెలియదట. లేబొరేటరీలో పనిచేసేవాళ్ళు మాత్రం అసలు ఇవ్వనేకూడదట. నిజమేనా?"

"నిజమే మేడమ్."

"నీ రక్తం తీసింది పెద్ద నర్సేనా?"

అమ్మాయి తల ఊపింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. సీసా ఖాళీ అయిందని పైకి రాసింది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అన్నారు. నమూనా లేకుండా మెషిన్ నడపకూడదు. నడపకపోతే తమ భాగం వెనకబడుతుంది, పక్కవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చోవాలి. మన వల్ల ఇంకొకరి పని ఆగకూడదని డైరెక్టరు రోజూ అనే మాట చెవుల్లో తిరిగింది. తనే నర్సు దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది. వద్దు తల్లీ, నియమం కాదు అని ఆవిడ చెప్పి చూసింది. చివరికి నీ పని ఆగిపోకూడదని తీసింది.

"నా పేరు పోతే పోనీ మేడమ్. రిటైరయ్యే ముందు ఆవిడ పేరు పోకూడదు. నేనీ రోజు ఇలా ఉన్నానంటే ఆవిడ వల్ల."

అమ్మాయి ఒప్పుకున్న మీదటే డిటెక్టివ్ ఈ సంగతి బయట చెప్పింది. తనిఖీ అధికారి ఒంటికాలి మీద లేచాడు. అక్షరాలు కల్పించకపోతే రక్తమే మార్చేసిందన్నమాట, ఇది మరీ ఘోరం అన్నాడు. నర్సు పేరు కూడా రిపోర్టులో చేర్చాలని పెన్ను తీశాడు.

"మార్చిందని ఎందుకంటారు? పెట్టాల్సిన చోటే పెట్టింది కదా," అంది డిటెక్టివ్.

"పెట్టాల్సిన చోటే పెడితే దాతది ఉండాల్సిన చోటికి నడిచి వెళ్ళిందా మేడమ్? కాళ్ళున్నాయా దానికి?"

"అదే చూద్దాం రండి. పెన్ను మూత పెట్టి రండి."

మెషిన్ గది చిన్నది, చల్లగా ఉంది. గోడ వెంట బల్ల, బల్ల మీద దీపం, అటు చివర మెషిన్. దాని తలుపు నడుము ఎత్తులో ఉంది. తలుపు లోపల చీకటి. ప్లేటు అంటే అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పలక. దాని నిండా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో బొట్టు. పరీక్ష నమూనా ఎప్పుడూ చిట్టచివరి గుంటలో ఉంటుంది. దానిలో కూడా ఆ రోజు చదివే భాగమే, కాకపోతే వేరే మనిషిది. అమ్మాయి ఇదంతా నెమ్మదిగా వివరించింది.

డిటెక్టివ్ ఆమెను రోజూ చేసినట్టే చేసి చూపించమంది. ఉత్త నీళ్ళతో చాలంది. అమ్మాయి సొరుగులోంచి ఒక ప్లేటు తీసి దీపం కింద పెట్టింది. అంచున అచ్చువేసిన అక్షరాలు చూసుకుంటూ మొదటి గుంట నుంచి నింపుకుంటూ వెళ్ళింది. ఒక్క చుక్క ఒలకలేదు. నింపాక ప్లేటు ఎత్తి, మెషిన్ తలుపు తెరిచి, లోపలికి చూడకుండానే పెట్టి మూసింది. చూపంతా పక్కనున్న తెర మీదే ఉంది.

"లోపలికి చూడలేదేం?"

"అలవాటు మేడమ్. లోపల ఎలాగూ కనిపించదు. ప్లేటుకి ఒక మూల కోసి ఉంటుంది. ఆ మూల ఎడమ బొటనవేలికి తగిలితే సరిగ్గా పెట్టినట్టు."

వంటింట్లో కళ్ళు మూసుకుని డబ్బా మూత తీసే చెయ్యి ఎలా ఉంటుందో డిటెక్టివ్‌కి తెలుసు. ఆ చెయ్యి పొరబడదు. డబ్బాలు మారితే తప్ప. ఆమె సొరుగు తనే తెరిచింది. ముందువైపు ప్లేట్ల కట్ట సగం వాడినది ఉంది. వెనక ఇంకో పెట్టె ఉంది. దాని మీద రాత వేరే, రంగు వేరే.

"ఇదేమిటమ్మాయ్?"

అది బహుమతి అని చెప్పింది అమ్మాయి, మొదటిసారి కాస్త నవ్వుతూ. పోయిన వారం ప్లేట్లు కూడా నిండుకున్నాయి. పక్క భాగం చదివే లేబొరేటరీ పెద్దావిడకి ఆ మాట తెలిసి, మేం వాడుకునే పెట్టెలోంచి సగం మీరు తీసుకోండి అని విమానంలో పంపింది. వాటిలో ఒకటి వాడేసరికి తమవి వచ్చేశాయి. మిగిలినవి జాగ్రత్తగా వెనక పెట్టింది.

డిటెక్టివ్ రెండు రకాల ప్లేట్లూ చెరో చేతిలో పట్టుకుంది. దీపం కిందికి తెచ్చి, అక్షరాలు ఒకే వైపు వచ్చేలా తిప్పి పక్కపక్కన పెట్టింది. పాత ప్లేటుకి మొదటి గుంట దగ్గరి మూల కోసి ఉంది. బహుమతి ప్లేటుకి చివరి గుంట దగ్గరి మూల.

అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నింపేటప్పుడు అక్షరాలు చూసి నింపావు. పెట్టేటప్పుడు మూల తడిమి పెట్టావు," అంది డిటెక్టివ్. "ప్లేటు ముందు వెనకగా తిరిగి వెళ్ళింది. చివరి గుంట మొదటిదైంది, మొదటిది చివరిదైంది."

తనిఖీ అధికారి ఊరుకోలేదు. అలా అయితే ప్లేటులో గుంటలన్నీ తారుమారవ్వాలి కదా, రాతంతా చెడాలి కదా అన్నాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు డైరెక్టరు చెప్పాడు. మిగతా గుంటల్లో ఉన్నవన్నీ ఒకే దాత ముక్కలు, వాటిని ఏ వరసలో చదివినా కంప్యూటరు అంచులు చూసి తనే అతికించుకుంటుంది. తేడా పడేది ఆ ఒక్క మూల గుంటకే. అధికారి ఇంకోటి అడిగాడు: పరీక్ష నమూనా తప్పని అప్పుడే తెలియాలి కదా? తెలిసేదే, పాత సీసాలోదైతే. దాని అక్షరాలు ముందే తెలుసు. అమ్మాయి రక్తంలో అక్షరాలు ఎవరికి తెలుసు? అక్షరాలు స్పష్టంగా వచ్చాయా లేదా అన్నంత వరకే చూసింది. స్పష్టంగానే వచ్చాయి.

"ఇదంతా బాగానే కుట్టారు మేడమ్. రుజువేదీ?"

డిటెక్టివ్ మరిది వైపు తిరిగింది. "చివరి గుంటలోది పరీక్ష నమూనా అనుకుని మెషిన్ దాన్ని పక్కన పడేసి ఉంటుంది కదా. పడేసింది ఎక్కడైనా ఉందా, చెరిపేశారా?"

చెరపరట. ఏదీ చెరపకూడదన్నది కూడా నియమమేనట. మరిది పరుగులాంటి నడకతో తన గదికి వెళ్ళాడు. వెనకాలే అందరూ వెళ్ళారు. ఆ రోజు పక్కన పడేసిన వరస బయటికి లాగి, సముద్రం అవతలివాళ్ళ అంచు కింద పెట్టాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రెండూ ఒక్కటే. ఎక్కడా ఒక్క తేడా లేదు.

మరిది కుర్చీలో వెనక్కి వాలి మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు. "వదినా," అన్నాడు.

అధికారి తెర మీది రెండు వరసలూ తనే పోల్చి చూసుకున్నాడు. తర్వాత రిపోర్టు మధ్యకి చింపి, మళ్ళీ మధ్యకి చింపి, ముక్కలు జేబులో వేసుకున్నాడు. "నేను రాసింది నా చేత్తోనే చింపించారు. దీనికి కూడా థాంక్స్ చెప్పాలేమో మీకు."

"చెబితే కాదనను."

"ఒక అమాయకురాలి మీద సంతకం పెట్టి పంపకుండా ఆపారు. నిజంగానే థాంక్స్ మేడమ్," అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా. నర్సు విషయం మాత్రం రాయక తప్పదన్నాడు. పని ఆగకూడదని చేశారని, చివరికి అమ్మాయే నిజం చెప్పిందని కూడా అందులో రాస్తానన్నాడు.

ఆరింటికి ఫోను మోగింది. అందరికీ వినిపించేలా బల్ల మధ్యలో పెట్టారు. డైరెక్టరు జరిగిందంతా దాపరికం లేకుండా చెప్పాడు. నమూనా సీసా గురించి, నియమం తప్పడం గురించి, మూల గురించి. బహుమతి ప్లేట్ల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు, ఇచ్చినవాళ్ళని తప్పు పట్టినట్టు ఉంటుందేమోనని. టెక్నీషియన్ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి వింటోంది.

ముందుగా మాట్లాడింది ప్లేట్లు పంపిన ఆ పెద్దావిడే.

"అయితే ఆ మూడో రకం రాత ఎవరిదో మీకు తెలుసన్నమాట."

"తెలుసండి."

"ఆ మనిషి బతికే ఉన్నారా?"

పెద్దావిడ చెప్పుకుపోయింది. లోకమంతా చూసేలా పెట్టిన ఆ వరసని తమ దేశంలో ఒక గుండె డాక్టరు చూసిందట. అందులో మారిన ఒక అక్షరం ఆవిడకి బాగా తెలిసినదట. ఆవిడ చూసే కొన్ని కుటుంబాల్లో సరిగ్గా అక్కడే, సరిగ్గా అదే మార్పు ఉందట. పైకి ఏ జబ్బూ కనిపించదు. ఉన్నట్టుండి ఒకరోజు గుండె లయ తప్పుతుంది, అంతే. ముందే తెలిస్తే రోజూ మాత్ర వేసుకుంటే చాలావరకు గండం గడుస్తుంది. ఆ దాతకి ఎలాగైనా కబురు చేయండి అని డాక్టరు వారం రోజులుగా ప్రాణం తీస్తోందట. ఎవరికని చేస్తారు? పేర్లు పీకేసింది తామే.

"నాదేనండి," అంది టెక్నీషియన్, గోడ దగ్గర్నించి కదిలి ఫోను దగ్గరికి వచ్చి. "బతికే ఉన్నాను."

అవతల ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. ఇంకెవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

"నేనెవరో తెలియకుండానే నా కోసం ఇంత తిరిగారు. మీకెలా చెప్పాలో తెలియడం లేదు," అంది అమ్మాయి. "మీరు ఆ ప్లేట్లు పంపకపోతే నా రాత మీకు కనిపించేది కాదండి. నాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు."

పెద్దావిడ పక్కనే ఉన్న డాక్టరు ఫోను అందుకుంది. ఆమెకి మర్యాదలకి తీరిక లేదు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాలంది. అప్పటిదాకా మెట్లు కూడా నిదానంగా ఎక్కమంది. పరుగు పనికిరాదంది, నీళ్ళలో దిగడం అసలే పనికిరాదంది. తను చూసినవాళ్ళలో చాలామందికి ఈదుతూ ఉండగానే వచ్చిందంది. అమ్మా నాన్నల సంగతి అడిగింది. ఎవరూ లేరని అమ్మాయి చెప్పింది.

"తోబుట్టువులు?"

"ఒక తమ్ముడున్నాడు."

"వాడికీ ఉండొచ్చు, లేకపోవచ్చు. సగం సగం. రేపు వాణ్ణీ తీసుకెళ్ళు. ఏం చేస్తుంటాడు?"

అమ్మాయి చూపు గోడ మీది గడియారం వైపు వెళ్ళింది.

"ఈత నేర్పుతాడండి. ఈ వేళకి కొలనులోనే ఉంటాడు. పోటీలు దగ్గరికొచ్చాయని వాడే ముందు దూకి చూపిస్తున్నాడు."

డిటెక్టివ్ అప్పటికే పక్క బల్ల మీది ఫోను అందుకుని కొలను ఆఫీసు నంబరు అడుగుతోంది. తనిఖీ అధికారి తలుపు తీసి పట్టుకున్నాడు, చేతిలో తాళాలు.

"కింద మీ మరిదిగారి కారు చూశాను మేడమ్. అది స్టార్టయ్యేసరికి తెల్లారుతుంది. నాది తీస్తాను. అమ్మాయ్, నువ్వు మెట్ల మీద పరుగెత్తకు, నేను ముందు పోయి కారు గుమ్మం దగ్గరికి తెస్తాను. దారి మాత్రం చెప్పు."

బల్ల మధ్యలోని ఫోనులోంచి డాక్టరు గొంతు వినిపిస్తూనే ఉంది. వాణ్ణి నీళ్ళలోంచి బయటికి రమ్మనండి, మెల్లగా రమ్మనండి, అరిచి భయపెట్టకండి అంటోంది. డిటెక్టివ్ ఒక చెవితో అది వింటూ, రెండో చెవికి రిసీవరు ఆనించుకుని నిలబడింది.

కొలను ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.